రికార్డు మీద రాత నాది కాదు

ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, మా బావ ఒక్కసారీ చెవిన పెట్టలేదు. ఎనభైల్లో, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉన్నప్పుడు, ఆయన దగ్గర్నుంచి ఒక ఇంగ్లీషు పాటల రికార్డు వినడానికి తెచ్చుకున్నాను. తిరిగిచ్చే రోజే మా లైన్లోకి గిన్నెల మీద పేర్లు చెక్కేవాడు వచ్చాడు. అమ్మ స్టీలు సామానంతా చెక్కించింది. అది చూసిన బావ, నేనిచ్చిన రికార్డును వెలుతురుకి వంచి చూశాడు. పాట గీతలు అయిపోయాక లేబుల్ పక్కన మిగిలే నున్నటి చోట, ఇంగ్లీషులో సన్నటి చేతిరాత: 'మళ్ళీ విను'. మొదటి రోజే చూసి ఊరుకున్నాను.

"ఏటిరా, గిన్నెలు చాలక నా రికార్డు కూడా చెక్కించీసావా?"

"అది ఫ్యాక్టరీలోనే అచ్చు మీద రాశారు బావా, ప్రతి కాపీలోనూ పడుతుంది."

"అచ్ఛా! ఫ్యాక్టరీవోడు నీకు ఉత్తరం రాసాడేటి?"

తర్వాత నెహ్రూ నగర్‌లో స్నేహితుడి ఇంట్లో అదే రికార్డు ఇంకో కాపీ చూశాను. అదే మాట, అదే చేతిరాత. పరుగున వెళ్ళి చెబితే బావ నవ్వి టీవీ పెట్టుకున్నాడు. ఇప్పటికీ నేను గడప తొక్కితే "గిన్నెలు దాచండర్రా, చెక్కీగలడు" అంటాడు. పెళ్ళిళ్ళలో ఆయన నోరు తెరిస్తే చాలు, నేను వంటల వైపు జారుకుంటాను.

బావా, నెహ్రూ నగర్ రికార్డు మీద కూడా నేనే చెక్కించానా? ఈసారి నవ్వకుండా జవాబు చెప్పు.