నేను ఆపిన శోకం

మా వైపు చావు దగ్గర ఆడవాళ్లు ఊరికే ఏడవరు. రాగం తీసి, మాటలు కట్టి ఏడుస్తారు. పోయిన మనిషి ఏం ఇష్టంగా తినేవాడో, ఎప్పుడు చెయ్యి చేసుకున్నాడో, ఎప్పుడు కడుపులో పెట్టుకొని చూసుకున్నాడో, అన్నీ ఆ ఏడుపులో వస్తాయి. దాన్ని శోకం పెట్టడం అంటారు. ఎవరూ నేర్పరు, ఎవరూ రాసుకోరు. బతికి ఉండగా మొగుణ్ని పల్లెత్తు మాట అనని ఆడది కూడా ఆ ఒక్క పూట ఎంతైనా అనొచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

మొయినాబాద్ చుట్టుపక్కల మా చుట్టాల్లో మా అవ్వ శోకానికి పేరుంది. మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని అంటాం. ఎవరు పోయినా, ఆమె వచ్చి కూర్చుంటే తప్ప చావింటికి చావిల్లన్న కళ వచ్చేది కాదని పెద్దవాళ్లు అనేవారు. చిన్నప్పుడు నాకది భయంగా ఉండేది. చదువుకున్నాక సిగ్గుగా ఉండేది.

నేను గండిపేట దగ్గర ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. కవిత్వం రాస్తాను. మనసులో ఉన్నది దాచుకోకుండా చెప్పుకోవడానికే కళ పుట్టిందని ఏటా మొదటి క్లాసులో పిల్లలకు చెబుతాను. గొంతు లేనివాళ్లకు కవి గొంతు కావాలని కూడా అంటాను. చెప్పేవి శ్రీరంగనీతులు. మిగతా సగం సామెత మీకు తెలుసు.

మా బాపు పోయిన రోజు కాలేజీవాళ్లు రెండు కార్లలో మా ఊరు చిన్న మంగళారం వచ్చారు. వాళ్లకు నేను ఒక అబద్ధం చెప్పి ఉన్నాను. మాకు ఊళ్లో తోట ఉందని, బాపు దాన్ని చూసుకుంటాడని. పూర్తిగా అబద్ధమూ కాదు. ఆ చేను ఒకప్పుడు మాదే. బాపు దాన్ని పట్నంవాళ్లకు అమ్మాడు. వాళ్లు చుట్టూ గోడ కట్టి, లోపల ఫాంహౌస్ లేపి, గేటు దగ్గర వాచ్‌మన్‌గా మా బాపునే పెట్టుకున్నారు. చివరి దాకా ఆయన తన చేనుకే కాపలా కాశాడు. ఖాకీ బట్టలు వేసుకొని, ఆదివారం వచ్చే కార్లకు గేటు తీసేవాడు. ఈ సంగతి కాలేజీలో ఎవరికీ తెలియదు.

బాపును వాకిట్లో పడుకోబెట్టారు. అవ్వ కాళ్ల దగ్గర కూర్చొని ఎత్తుకుంది.

"ఓ నా పెనిమిటీ... నీ చేనుకు నువ్వే కావలుంటివి గదయ్యా... నువ్వు నాటిన మామిడిచెట్టు నీడకు నిన్నే రానియ్యకపోతిరి గదయ్యా..."

మా సార్లు చెప్పులు విడిచి అప్పుడే లోపలికి వస్తున్నారు. తర్వాత వచ్చేది గేటు. ఆ తర్వాత ఖాకీ బట్టలు, సలాములు. అవ్వ ఏదీ వదిలిపెట్టదు, నాకు తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఆ క్షణాన నాకు నా కాళ్లే కనిపించాయి, బాపు కాళ్లు కనిపించలేదు.

వంగి ఆమె చెవిలో అన్నాను. "అవ్వా, జర మెల్లగ. మా సార్లొచ్చిండ్రు. గిట్ల ఒర్లితె మంచిగుండది."

అవ్వ తలెత్తి నన్ను చూసింది. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమె మళ్లీ ఎత్తుకుంటుందని చాలాసేపు చూశారు. పక్కింటి ముసలామె ఆమె భుజం పట్టి ఊపింది. "ఏందే, లోపలనే పెట్టుకుంటవా? ఏడువు, పానం తేలికైతది." అవ్వ తల అడ్డంగా ఊపింది. పాడె లేచేటప్పుడు కూడా నోటి మీది కొంగు తియ్యలేదు.

వెళ్లేటప్పుడు ఒక సారు నాతో అన్నారు, "మీ అమ్మగారు చాలా ధైర్యంగా ఉన్నారు మేడమ్" అని. నాకు సంతోషం వేసింది. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నిజంగానే వేసింది.

దినాల్లోనూ అవ్వ శోకం పెట్టలేదు. అంతకుముందు మాటకు మాట అందించే మనిషి, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పడం మొదలుపెట్టింది. వయసు మీద పడింది అనుకున్నాను. నాకు అనుకూలంగా ఉన్న మాట అదే మరి.

మరుసటి ఏడు నేను బాపు మీద కవిత రాశాను. అందులో బాపు తన చేన్లో, తన మామిడిచెట్టు కింద కూర్చొని ఉంటాడు. గేటు లేదు. సభలో చదివితే కొందరు కళ్లు తుడుచుకున్నారు. శాలువా కప్పారు. ఇంటికి వచ్చి అవ్వను కూర్చోబెట్టి మొత్తం వినిపించాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"మంచిగున్నది బిడ్డ. ఎవల గురించి రాసినవ్?"

ఎత్తిపొడుపు కాదు. ఆమెకు నిజంగానే తెలియలేదు. "ఒక రైతు గురించి" అన్నాను.

పోయిన ఎండాకాలం చేవెళ్ల దగ్గర మా పెద్దమ్మ పోయింది. అవ్వకు సొంత అక్క. నా కారులోనే తీసుకుపోయాను. ఆమెను ఇంటి ముందు దింపి, కారు దూరంగా ఆపి వచ్చేసరికి లోపల నుంచి శోకం వినిపిస్తోంది. గొంతు గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. గోడ ఇవతల, చెప్పుల మధ్యన ఆగిపోయాను. నేను కనపడితే ఆమె ఆపేస్తుందని భయం.

"పోతున్నవా అక్కా... మావోడు కండ్లవడితె నా మాటొకటి చెప్పు అక్కా... కట్టుకున్నది కన్నీళ్లు పెట్టలేదని అలిగిండేమో, అలగొద్దని చెప్పు అక్కా... ఆ ఖాకీ బట్టలు ఉతికినప్పుడల్లా నీళ్ల చాటుకు ఏడ్చిన్నని చెప్పు అక్కా..."

ఇన్నాళ్లూ లోపల ఆగిపోయిన మాటలు వరుసగా వస్తున్నాయి. గేటు వచ్చింది, సలాములు వచ్చాయి. ఒక మాట ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు. నేను రాసిన పుస్తకాల్లో ఇట్లాంటి వాక్యం ఒక్కటీ లేదు. ఎవరైనా వింటున్నారా, మెచ్చుకుంటున్నారా అన్న ధ్యాస ఆమెకు లేదు. మాట చేరాల్సినవాడికి చేరితే చాలు.

అప్పుడు చూసుకున్నాను. ఫోన్ నా చేతిలో ఉంది. రికార్డింగ్ నడుస్తోంది. ఎప్పుడు నొక్కానో గుర్తు లేదు, ఎందుకు నొక్కానో మాత్రం బాగా తెలుసు. ఈ మాటలు నా తర్వాతి కవితకు పనికొస్తాయి.

లోపల అవ్వ గొంతు తగ్గింది.

"బిడ్డనేమనొద్దని చెప్పు అక్కా... దాని తప్పేం లేదని చెప్పు... అది సదువుకున్న పిల్ల, దానికి ఏడ్వరాదని చెప్పు అక్కా..."

ఫోన్ ఆపి సంచిలో వేసుకున్నాను. కాసేపటికి అవ్వ ముఖం తుడుచుకుంటూ బయటికి వచ్చి, నన్ను చూసి ఆగింది.

"ఎంతసేపైంది బిడ్డ వచ్చి?"

"ఇప్పుడే వచ్చిన అవ్వా" అన్నాను.