మొదట పేలే తూటా

హైమావతి గొంతు ఆ పరాయి దేశంలో, బుకిట్ బటోక్ అనే పేటలో, ఆ అంతస్తు వాళ్ళెవరూ ఎరుగరు. భర్త నగరం నడుమ తంజోంగ్ పగార్‌లో కంప్యూటర్ ఉద్యోగానికి వెళ్ళిపోతే ఇక ఆ ఫ్లాటులో అలికిడే ఉండేది కాదు. తండ్రి పోయిన నాటినుంచీ ఆమె మాట అలా సన్నబడిపోయింది.

తండ్రి సాంబమూర్తికి ఉద్దానంలో జీడితోట ఉండేది. పనసపళ్ళ వాసనకి ఎలుగుబంట్లు దిగేవి. ఆ ఇంట్లో వాటిని జాంబవంతుడనే అనేవారు. చంపితే ఆ పాపం వంశానికి తగులుతుందని భయం. అందుకే ఆయన తన ఒంటిగొట్టం తుపాకీలో పిట్టల్ని కొట్టే సన్న గుళ్ళ తూటానే పెట్టేవాడు. చురుక్కుమంటే అదే పారిపోతుందని. ఒక సాయంత్రం పిల్లల్ని వీపున మోస్తున్న తల్లి ఎలుగు ఎదురైంది. గుళ్ళు దాని బొచ్చులోనే ఆగిపోయాయి. రెండో తూటా పెట్టుకునే వ్యవధి అది ఇవ్వలేదు. ఆయన్ని దుప్పటి కప్పి తెచ్చారు. హైమావతిని ముఖం చూడనివ్వలేదు.

ఇప్పుడు తమ్ముడు బాలు అలాస్కా వెళ్తున్నాడు. ఇక్కడి యూనివర్సిటీలో రాళ్ళమీద పరిశోధన వాడిది. అక్కడి కొండల్లో రెండు నెలలు గుడారాల్లో ఉండాలి. ఫోనూ అందదు, ఉత్తరమూ అందదు. చుట్టూ ఎలుగుబంట్లేనట, మనవాటికి మూడింతలట.

"తుపాకీ ఇస్తారంటన్నావు, అందులో ఏటి పెడతావురా?" బియ్యం ఏరుతూ అడిగింది.

"రెండు రకాలిస్తారక్కా. ఒకటి ఉత్త చప్పుడు, దీపావళి టపాకాయే అనుకో. రెండోది స్లగ్. బొటనవేలంత ఒకటే సీసం గుండు. ఎముక విరగ్గొట్టుకుని లోపలికి పోద్ది."

"ముందు ఏది పేలాల?"

"అది మన ఇష్టం. నేను చప్పుడుదే ముందు పెడతాను. అమ్మకి ఒట్టేసేను."

చేటలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

ఊళ్ళో ఉన్న తల్లి బాలనాగమ్మ ఫోనులోనే ఆ ఒట్టు వేయించుకుందట. మీ నాన్న సన్న గుళ్ళ వల్ల పోలేదురా, జాంబవంతుడి మీదికి తుపాకీ ఎత్తినందుకు పోయాడు, నువ్వు ముందే గుండు కాల్చకు, అందట.

"అది మీదకొస్తంటే నీకు పేలేది ఒక్కటేరా, బాలూ. రెండోది పేలిందన్నవాణ్ణి నేను చూళ్ళేదు."

"అయితే నువ్వూ రా అక్కా. నీ చూపుకే పారిపోద్ది."

ఆమె చేట పక్కన పెట్టింది. వాడి చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది. "గుండే ముందు పెడతానని చెప్పు."

నిప్పు తగిలినట్టు వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అమ్మ మీదొక ఒట్టు, నీ మీదొక ఒట్టు. ఏదో ఒకటి తప్పుతుంది కదే. అప్పుడు పోయేదెవరు?"

వెళ్ళేరోజు వాడు పెట్టెతో లిఫ్టు దాకా నడిచాడు. ఆమె మళ్ళీ అదే అడిగింది.

"అక్కడికెళ్ళి చూస్తాలే అక్కా."

తండ్రి కూడా ఆ సాయంత్రం "చూసొస్తాను" అనే తోటలోకి వెళ్ళాడు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

ఇంట్లో ఫోను మోగింది. తల్లి.

"ఎలిపోయాడేటే?"

"ఇప్పుడేనమ్మా."

"మీ నాన్న చొక్కా పెట్టెలోంచి తీసి చూసేనే. దానికి చేతులు రెండూ లేవు. చప్పుడుకి బెదిరేదే అయితే అలా చీలుస్తాదేటే? నా ఒట్టు తీసి గట్టు మీద పెట్టేసేనని చెప్పు. గుండే ముందు పెట్టుకోమను."

అక్కడ అందని సెల్‌ఫోను ఎందుకని వాడు బల్లమీదే వదిలేసి వెళ్ళాడు. హైమావతి వసారాలోకి పరుగెత్తి గోడమీదుగా వంగింది. కింద టాక్సీ కదులుతోంది.

"బాలూ! గుండే ముందురా! అమ్మ ఒట్టు తీసేసింది! గుండే ముందు!"

పక్కింటి చైనా ముసలమ్మ గేటు తీసి, "వాట్ హ్యాపెన్, ఆహ్?" అంది బెదురుగా.

టాక్సీ కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగింది. వినబడి ఊపాడో, వీడ్కోలుకి ఊపాడో ఆమె పోల్చుకునేలోగా టాక్సీ మలుపు తిరిగింది.