అచ్చులో బతికిన అవ్వ

పోయిన వారం కరీంనగర్‌లో ఒక బడి వాళ్లు పిలిస్తే వెళ్లాను. పిల్లలకు రాయడం మీద ఆసక్తి కలిగేలా నాలుగు మాటలు చెప్పాలట. ఏవో రెండు కథల పుస్తకాలు అచ్చువేసుకున్న పాపానికి ఈ వయసులో నన్ను రచయిత్రి అంటున్నారు, నేనూ కాదనడం మానేశాను. పూలగుత్తి ఇచ్చారు, శాలువా కప్పారు, ఆ ఉక్కపోతలో శాలువా తీసేస్తే ఏమనుకుంటారోనని అలాగే కూర్చుని మాట్లాడాను. అంతా అయ్యాక వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, మీరు మొట్టమొదట రాసింది ఏమిటి మేడం, అది ఎక్కడ అచ్చయింది అని అడిగింది. మా అమ్మ గురించి రాశానమ్మా, పిల్లల పేజీలో వచ్చింది అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని నాకే తట్టలేదు, నేను రాసింది అమ్మ గురించి కాదు. అదేమిటో ఆ పిల్లలకు చెప్పాలంటే ఒక పూట పట్టేది. మీరైతే నా ఈడు వాళ్లు, అందులోనూ మా వైపు వాళ్లయితే సగం చెప్పకుండానే తెలుసుకుంటారు.

మాది జమ్మికుంట. నేను ఏడో తరగతికి వచ్చేనాటికి హైదరాబాద్ రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి కొన్నేళ్లయింది గాని, మా బడి గోడల మీద ఉర్దూ అక్షరాలు సున్నం కిందనుంచి ఇంకా కనబడుతూనే ఉండేవి. మా తెలుగు సారు కూడా ఉర్దూలో చదువుకున్నవారే, తెలుగు మాత్రం ఇంట్లో దీపం ముందు పురాణాలు చదువుకుని నేర్చుకున్నారట. అందుకే కాబోలు పుస్తకంలో తెలుగు అంటే ఆయనకు ప్రాణం. ‘వచ్చిండు’ అని రాస్తే అరచేతి మీద బెత్తం పడేది, ‘వచ్చాడు’ అని దిద్దుకునేదాకా వదిలేవారు కాదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష. చెప్పులు గడప బయట విడిచినట్టు ఇంటి మాటలను బడి బయట విడిచి లోపలికి పోవడం మాకు అలవాటైపోయింది.

ఇంటి మాటలంటే ముందు పిలుపులు చెప్పాలి. మా వాడంతా నేతపని వాళ్లం. మా ఇంట్లో తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం, అవ్వను కన్న తల్లిని అమ్మ అంటాం. పుస్తకంలో అమ్మ అంటే తల్లి అని నాకు తెలియకపోలేదు, కానీ ఆ అమ్మ పుస్తకంలోనే ఉండేది. మా ఇంట్లో అమ్మ అంటే నడుముకు ఆకువక్కల సంచి దోపుకున్న ముసలామె. మా అవ్వ వానాకాలం జ్వరంతో పోయినప్పుడు దినాలకని వచ్చిన అమ్మ, నన్ను చూసి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేయకుండా ఊరికే కూర్చున్న మా బాపును చూసి, ఇక తన ఊరికి తిరిగి పోలేదు. అవ్వ ఆమెకు ఒక్కతే బిడ్డ.

ఆ చలికాలంలోనే గ్రంథాలయం వాళ్ల పిలుపు మీద ఒక రచయిత గారు మా ఊరికి రైల్లో వచ్చారు. కృష్ణా జిల్లా వైపు మనిషి, హైదరాబాద్‌లో ఒక వారపత్రికకు పిల్లల పేజీ చూసేవారు. పనిలో పనిగా ఆయన్ను మా బడికి కూడా తీసుకొచ్చారు. మేమంతా నోళ్లు తెరుచుకుని చూశాం. మా వాచకంలో ప్రతి పాఠం ముందూ దాన్ని రాసినవారు పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం వేసి ఉండేవి, అందుకని రచయితలంటే పోయినవాళ్లేనని మా తరగతిలో అందరి నమ్మకం. తెల్లటి లాల్చీ వేసుకుని, పత్తి మిల్లు నుంచి కిటికీలోకి ఎగిరొచ్చే నూగుకు తుమ్ముతూ, మధ్యమధ్య మంచినీళ్లు తాగే రచయితను చూడటం మాకు వింతే మరి. వెనక కూర్చున్న పిల్లలు ఆయన నీడ పడుతుందా లేదా అని నేల వైపు వంగి చూశారు కూడా.

ఆయన మంచి మనిషి. ఈ మాట ముందే చెబుతున్నాను, తరువాత జరిగినదానికి మీరు ఆయన మీద కోపం తెచ్చుకోకూడదని. ఉపన్యాసం ఇవ్వలేదు, వచ్చి మా బెంచీ చివర సర్దుకుని కూర్చున్నారు. రాయడానికి గొప్ప సంగతులేమీ అక్కర్లేదని, మీ ఇంట్లో మీకు ఇష్టమైన ఒక మనిషి గురించి రాయమని, ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే రాయమని అన్నారు. మా సారు ముఖం అప్పుడు చూడాలి! అతిథి ముందు ఏమీ అనలేక, బెత్తం ఉన్న చేతిని వెనక్కి పెట్టుకుని కిటికీ వైపు తిరిగారు.

నేను అవ్వ గురించి రాశాను. ఆమె పోయాక ఆమె గురించి ఎవరూ నన్ను ఏమీ అడగలేదు, అడిగితే ఏడుస్తానని పెద్దవాళ్ల భయం. ఆయన అడిగారు కాబట్టి రాశాను. పెద్దదేమీ కాదు. మా అవ్వ పోయిన వానకాలం జరం వచ్చి పోయింది, రాట్నం మీద నూలు కండెలు చుట్టుకుంట పాట పాడేది, జొన్నరొట్టెల అంచు తుంచి నాకు పెట్టేది, ఇప్పుడు అమ్మ వండుతది, అమ్మనే జడ అల్లుతది, అవ్వ లేదు గని నాకు అమ్మ ఉన్నది. ఇంతే. బండికి వేళవుతోందని ఆయన కాగితాలన్నీ చదవకుండానే మడిచి సంచిలో పెట్టుకుని, మా తలలు నిమిరి వెళ్లిపోయారు.

చలి తగ్గేనాటికి ఒక రోజు మా సారు హైదరాబాద్ నుంచి వచ్చే ఆ వారపత్రిక పట్టుకుని పరుగులాంటి నడకతో తరగతిలోకి వచ్చారు. పిల్లల పేజీలో నా పేరు, మా ఊరి పేరు! సారు పైకి చదివారు. భాషంతా ఆయన కోరుకున్నట్టే దిద్ది ఉంది, ‘వండుతది’ పోయి ‘వండుతుంది’ వచ్చింది, ‘గని’ పోయి ‘కానీ’ వచ్చింది, ఆ సంతోషంలో ఆయనకు ఇంకేమీ తట్టలేదు. నేను మాత్రం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ‘మా అమ్మమ్మ పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయింది’ అని ఉంది. రచయిత గారి వైపు అవ్వ అంటే ముసలామె, అమ్మమ్మ. అన్ని జిల్లాల పిల్లలకూ తెలియాలని ఆయన పిలుపుల్లో ఆ ఒక్క మాటను మార్చారు, అమ్మ అన్న మాట అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని అలాగే ఉంచారు. చివరికి వచ్చేసరికి అది ‘అమ్మమ్మ లేదు కానీ నాకు అమ్మ ఉంది’ అయి కూర్చుంది.

పత్రిక ఇంటికి తెస్తే బాపు మగ్గం ఆపి చదవమన్నాడు. అమ్మ రాట్నం పక్కకు జరిపి దగ్గరికొచ్చి కూర్చుంది. నేను అచ్చులో ఉన్నది ఉన్నట్టే చదివాను, మార్చి చదవాలని ఆ వయసుకు తోచలేదు. అమ్మమ్మ అంటే తనేనని అమ్మకు అర్థమైంది, మరి ఆ తరువాత వండేదీ జడ అల్లేదీ అమ్మ అంటే అదీ తనే కదా! పోయినదాన్ని మల్ల వచ్చి వండుతున్ననా ఏంది అని నవ్వింది కూడా. అప్పుడు నేను, పుస్తకాల భాషలో అమ్మ అంటే మనం అవ్వ అన్నట్టని చెప్పాను. బాపు తల వంచుకుని పోగులు సవరించడం మొదలుపెట్టాడు. అమ్మ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“గట్లనా. అంటే నేను పోయిన్నట, నా బిడ్డ ఉన్నదట,” అంది చివరికి. తరువాత నా భుజం మీద చెయ్యి వేసింది. “మంచిగనే రాసిండు గద. మల్లొక్కపారి సదువు బిడ్డా.”

అప్పటినుంచి రోజూ నేను బడి నుంచి రాగానే అమ్మ నాచేత ఆ కాగితం చదివించుకునేది. దాన్ని మడిచి తన సంచిలో ఆకుల పక్కన పెట్టుకుంది, సున్నం మరకలు పడి అక్షరాలు చెరిగినా నాకు కంఠతా వచ్చేసింది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ఆమెకు మతి తప్పలేదు, ఆ మాట ఎవరన్నా నేను ఒప్పుకోను. లెక్కగా వండేది, బాపుకు పోగు తెగితే అతికి ఇచ్చేది. కానీ వాడకట్టు ఆడవాళ్లు ఏం కూర వండినవమ్మా అని అడిగితే, ఏమో, నా బిడ్డ వండుతున్నది, అడుగుత అనేది. అన్నం ముందు కూర్చుని, నాకెందుకు, మీరు తినుర్రి అనేది. కండెలు చుట్టడానికి అవ్వ కూర్చునే చోటే, అవ్వ లాగే వాకిలికి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టింది. సాయంత్రం మసక వెలుతురులో నేను గడప దాకా వచ్చేసరికి లోపల రాట్నం తిరిగే చప్పుడు, ఆ వీపు. ఆ వీపు ఎవరిదో ఒక క్షణం తెలిసేది కాదు. అవ్వదైతే బాగుండునని నా ప్రాణం కొట్టుకునేది, వెంటనే, అవ్వదైతే అమ్మ లేనట్టే కదా అని భయం పట్టుకునేది. ఒకరు ఉంటే ఇంకొకరు లేరు, ఆ కాగితం అలా తేల్చేసింది. ఇద్దరిలో ఎవరు కావాలో చెప్పమని ఎవరో నా వెనక నిలబడి అడుగుతున్నట్టు ఉండేది, గడప మీదే నిలబడిపోయేదాన్ని.

ఉండబట్టలేక ఒకరోజు సారుకు చెప్పాను. ఆయన ఇంత చిన్న సంగతి నాకెట్లా తట్టలేదని తనను తానే తిట్టుకుని, పత్రిక వాళ్లకు తప్పు దిద్దమని రాయమంటూ ఒక కార్డు చేతికిచ్చారు. ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని రాయబోతుంటే అమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఏమిటని అడిగితే ఉన్నది చెప్పాను.

“ఏమని రాస్తవు బిడ్డా? పోయింది అమ్మ గాదు, మా అవ్వనే అని రాస్తవా?” అంది. గొంతు పెంచలేదు, కోప్పడలేదు. “ఒక్కపారి పోయింది సాలదా?”

నేను కార్డు రాయలేదు. సారు కూడా మళ్లీ అడగలేదు.

అవ్వ పోయి ఏడాది తిరిగాక మొదటి పెత్రమాస వచ్చింది. బతుకమ్మ పండుగ మొదలయ్యే ఆ అమావాస్య నాడు పోయినవాళ్ల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇవ్వడం మా ఆచారం. బాపు తలస్నానం చేసి, చేటలో బియ్యం పోసుకుని, గుమ్మడి ముక్క, చింతపండు సర్ది బయలుదేరుతుంటే అమ్మ అడ్డం వచ్చింది. కొడుకా, దాని పేరు జెప్పకు, నా పేరు జెప్పు అంది. బాపు చేటతో గడప దగ్గరే ఆగిపోయాడు. అత్తకు ఎదురు మాట్లాడే మనిషి కాదు.

“బతికున్నోల్ల పేర ఇస్తరా అత్తమ్మా?”

“నేనేడ బతికున్న కొడుకా,” అంటూ సంచిని తట్టి చూపించింది. “పేపర్ల రాలే?”

నవ్వుతూనే అంది, కానీ చేట అంచు పట్టుకున్న చెయ్యి వదలలేదు. ఆమె కూడా మా వెంటే వచ్చింది. అయ్యగారు ఎవరి పేర అని అడిగినప్పుడు బాపు అమ్మ వైపు చూశాడు. అమ్మే కొంగు తల మీదికి లాక్కుని తన పేరు తానే చెప్పింది. పక్కనే నిలబడ్డ మనిషి పేరని ఆ అయ్యగారికి ఎలా తెలుస్తుంది? నీళ్లు వదిలి, ఆ పేరు మీదనే బియ్యం తీసుకున్నారు. నేను బాపు వేలు గట్టిగా పట్టుకున్నాను. ఇంటికి వచ్చేదాకా అమ్మ ఒక్కతే మామూలుగా మాట్లాడింది, తంగేడు పూలు ఈ ఏడు బాగా పూసినాయని, రేపటికి తెంపుకు రావాలని.

దసరా వెళ్లి చలి మొదలయ్యే రోజుల్లో అమ్మకు జ్వరం వచ్చింది, తగ్గలేదు. పేపర్ల వడ్డంక తప్పుతదా అని వాడకట్టు ఆడవాళ్లు గుసగుసలాడారు. జ్వరానికి పత్రికలతో ఏం పని, తప్పు ఎవరిదీ కాదని ఇప్పుడు నాకు తెలుసు. కానీ అప్పుడు నేను చిన్నపిల్లను, రాస్తే జరుగుతుందని నమ్మాను, చాలా ఏళ్లు బతికున్నవాళ్ల పేరు కాగితం మీద రాయడానికే నా చెయ్యి వచ్చేది కాదు. ఇప్పటికీ నా కథల్లో మనుషులకు పేర్లుండవు. అదేదో నా శైలి అని ఆ మధ్య ఒకాయన వ్యాసం రాశారు, చదివి ఊరుకున్నాను. ఆ కాగితం అమ్మ సంచిలోనే ఉండి ఆమెతోనే పోయింది.

మరుసటి పెత్రమాసకు అమ్మకు ఇంకా ఏడాది నిండలేదు, కాబట్టి చెప్పవలసింది అవ్వ పేరొక్కటే. అడ్డం వచ్చేవాళ్లు ఎవరూ లేరు. బాపు చేట ముందు పెట్టి అవ్వ పేరు చెప్పాడు. పోయినవాళ్ల పేరుగా ఆ పేరు వినడం నాకదే మొదటిసారి. దినాలప్పుడు కూడా నేను అంతగా ఏడవలేదు, ఆ రోజు ఆపుకోలేకపోయాను, అయ్యగారు మంత్రం ఆపి నా వైపు చూశారు. అప్పటిదాకా అమ్మ పట్టుకుని ఆపిన మా అవ్వ ఆ రోజు పోయింది.

ఇప్పుడు జమ్మికుంటలో కూడా తల్లిని అవ్వ అని పిలిచే పిల్లలు కనబడరు. ఆనాడు రచయిత గారు దిద్దిన మాటే నిలిచింది, ఇవాళ ఏ పిల్లా అలాంటి పొరపాటుకు చోటివ్వదు. నా పిల్లలు నన్ను అమ్మా అనే పిలిచారు, బడిలో నవ్వుతారని నేనే అలా నేర్పాను. వాళ్లు పిలిచినప్పుడల్లా పలికేముందు వెనక్కి తిరిగి చూసేదాన్ని, ఆ ముసలామె వచ్చి నిలబడిందేమోనని. ఇప్పుడు మనవరాలు అమ్మమ్మా అంటుంది, పోయిన మనిషిని పిలిచినట్టు ఉలిక్కిపడి, అయినా పలుకుతాను. అవ్వా అని పిలవడం తెలిసిన నోరు మా ఇంట్లో ఇక నాదొక్కటే, ఆ పిలుపుకు పలికేవాళ్లు లేరు.