మా ఆయన అడిగిన బంతి వరుస

మొన్న మనవరాలు ఫోను పట్టుకొచ్చి నా పక్కన కూర్చుని, డాబా మీద తేనెటీగల కోసం పూలకుండీలు పెడదాం, ఏ మొక్కలు వేస్తే అవి వస్తాయో ఇందులో ఉంది అంటూ చదవడం మొదలుపెట్టింది. బంతి, తులసి, సీతమ్మవారి జడ, పొద్దుతిరుగుడు అని చదువుకుంటూ పోయి, చివర్న, పూలన్నీ కోసేయకుండా కొన్ని చెట్టునే ఉంచాలంట అనేసరికి మంచినీళ్లు తెమ్మని దాన్ని లోపలికి పంపి కళ్లు తుడుచుకున్నాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే ఇదంతా ఆ పిల్లే రాస్తోంది. నా ఈడు వాళ్లు ఎవరైనా చదివితే, నేను చెప్పేది మీకు కొత్తగా ఉండదనే అనుకుంటాను.

అప్పట్లో మేము తెనాలి ఊరి చివర, కాలవ పక్కన పెంకుటింట్లో ఉండేవాళ్లం. పెరడు పెద్దది. అందులో సగం నాది, సగం మా ఆయనది. నా సగంలో బంతి, చేమంతి, కనకాంబరాలు, గోడ వెంబడి తులసి. ఆయన సగంలో గుమ్మడిపాదు, దోసపాదు, బీరపందిరి. నాకు పూల పిచ్చి. తెల్లారక ముందే పూలసజ్జ పట్టుకుని దిగానంటే విచ్చినవీ విచ్చనివీ చూసేదాన్ని కాదు, చెట్టు మీద ఒక్కటి మిగిలినా మనసొప్పేది కాదు. తులసి వెన్నులు కూడా పూజకని తుంచేసేదాన్ని. అరటినారతో దండలు కట్టి వీధిలో ఆడవాళ్లందరికీ తలా మూర పంచితే తప్ప నాకు కాఫీ దిగేది కాదు. శుక్రవారం వస్తే మా అరుగు మీద చోటుండేది కాదంటే నమ్మండి.

ఆయన రైసుమిల్లులో పనిచేసేవారు, చీకటితోనే వెళ్లాలి. గుమ్మడిపువ్వేమో తెల్లవారుతూ విచ్చి, ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. తేనెటీగ వచ్చి పోతుపువ్వు మీద వాలి, ఆ పుప్పొడితోనే పిందె ఉన్న ఆడపువ్వు మీద వాలితేనే పిందె నిలబడుతుందని ఆయనే చెప్పేవారు. మా పెరట్లోకి ఈగ ఎందుకొస్తుంది, పూలన్నీ నా సజ్జలో ఉంటే! అందుకని సెలవు దొరికిన రోజున ఆయనే పోతుపువ్వు తెంపి, రేకులు ఒలిచి, ఒక్కో ఆడపువ్వులో అద్దుతూ తిరిగేవారు. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా చూసి, “ఏంటమ్మాయ్, మీ ఆయన గుమ్మడిపూలకి పెళ్లిళ్లు చేస్తున్నాడా? మావాడికీ ఓ సంబంధం చూడమనవే!” అని నవ్వేది. ఆవిడతో పాటు నేనూ నవ్వేదాన్ని. ఆయన పట్టించుకునేవారు కాదు. కానీ మిగతా రోజుల్లో విచ్చిన పూల పిందెలన్నీ పసుపుబారి రాలిపోయేవి. సాయంత్రం మిల్లు నుంచి వచ్చి, చొక్కా విప్పకుండానే వాటిని ఏరి పెరటి గట్టు మీద పెట్టేవారు.

ఆ ఏడు వానలు పడగానే గుమ్మడిపాదు చుట్టూ ఆయనే ఒక వరుస బంతినారు నాటారు. నా జన్మలో నన్ను ఆయన అడిగింది తక్కువ. ఉప్పెక్కువైనా తిని లేచే మనిషి. అలాంటిది ఆ రోజు నన్ను పిలిచి, “ఏమే, ఈ ఒక్క వరుసా కొయ్యకే. ఈగల్ని రానీ. ఒక్క ఏడు కాపు చూద్దాం” అన్నారు. “సర్లెండి, మీ ఈగలకే రాసిచ్చేశాను” అన్నాను నేను. అన్న మాట ప్రకారం చాలా రోజులు దాని జోలికి పోలేదు కూడా. బంతులు విచ్చాయి, ఒకటీ అరా ఈగలు రావడం మొదలుపెట్టాయి, గుమ్మడికి ఆడమొగ్గలు పడ్డాయి.

ఆ వారంలోనే బాపట్లలో మా అక్క కూతురి పెళ్లి వచ్చింది. నేను తీసుకెళ్లగలిగింది పూలే. మా పుట్టింటి వాళ్లంతా చేరే చోట నా గంప నిండుగా ఉండాలని నాకు ఆశ. అన్నీ కోశాక చూస్తే గంపకి నాలుగు వేళ్ల వెలితి. ఆయన మిల్లుకు వెళ్లిపోయారు. ఆ వరుస ముందు కాసేపు నిలబడ్డానన్నది నిజం. తర్వాత అదీ కోసేశాను, మళ్లీ పూయకపోతాయా అనుకుంటూ. రైలెక్కాను. పిన్ని తెచ్చిన పూలు, పిన్ని తెచ్చిన పూలు అని పెళ్లింట్లో మా అక్క పిల్లలంతా అంటుంటే నా కాళ్లు నేల మీద లేవు.

నాలుగో రోజు తిరిగొచ్చేసరికి గట్టు మీద పసుపుబారిన పిందెలు వరసగా ఉన్నాయి. తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది. ఆయన కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చుని, “పెళ్లిలో పూలు బావున్నాయన్నారా?” అని అడిగారు. బావున్నాయన్నారండి అన్నాను. “పోన్లే” అని అన్నం కలుపుకున్నారు. అంతే. ఆ తర్వాత నెల తిరగలేదు, మిల్లులో గుండె పట్టుకుని కూలబడ్డారట, ఆసుపత్రికి చేరేలోపే పోయారు.

పదో రోజున రేపల్లె నుంచి మా తమ్ముడు తెచ్చిన పూలు తలనిండా పెట్టి, తర్వాత తీసేశారు. నా తోడి ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ పైన నేను చాలా రోజులు పెరట్లోకి పోలేదు. పోయి చూస్తే బంతులు విరగబూసి ఉన్నాయి, కోసే చెయ్యి లేక. గోడ దగ్గరకు వెళ్లి, పిన్నిగారూ, పూజకి కోసుకెళ్లండి అని పిలిచాను. ఆవిడ మంచిదే, ఆ పది రోజులూ మాకు అన్నం వండి పంపింది. కానీ నా మొహం వైపు చూడకుండా, “ఉంచమ్మా, మీ బాబాయి బజార్నించి తెచ్చాడులే” అని లోపలికెళ్లిపోయింది. ఆ తర్వాత నేనెవర్నీ పిలవలేదు.

అప్పుడొచ్చాయండి తేనెటీగలు. వరుసల కొద్దీ పూలు చెట్టునే వాడిపోతుంటే, తులసి వెన్నుల నిండా, బంతుల నిండా, గుమ్మడిపూల లోపల, ఆ పెరడంతా ఒకటే రొద. ఒక్క పిందె రాలలేదు. కాయలు గట్టు దిగి కాలవ దాకా పాకాయి. నా పూలు వద్దన్న పిన్నిగారే వచ్చి దప్పళానికి కాయ అడిగింది, ఇచ్చాను. వీధిలో అందరూ అడిగారు, అందరికీ ఇచ్చాను. ఒక్క పెద్దకాయ మాత్రం ఎవరికీ ఇవ్వలేక మంచం కింద పెట్టుకున్నాను. గుమ్మడికాయకు తొలి కత్తి మగవాడే పెట్టాలంటారు కదా. మగదిక్కు లేని ఇల్లు, మాకున్నది ఒక్క ఆడపిల్ల. ఎన్నో నెలలు అదలాగే ఉంది. చివరికి మా పిల్ల ఇంట్లో లేని ఒక మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని నేనే కోశాను. లోపల ఎర్రగా, తీపి వాసన. ఒక్కదాన్నే పులుసు పెట్టుకున్నాను. రెండు కంచాలు పెట్టి, ఒకటి తీసేశాను.

ఇప్పుడా పెరడు లేదు, మూడంతస్తుల ఇల్లు లేచింది. పిల్లలు గుమ్మడికాయను ముక్కల లెక్కన కొనుక్కొస్తున్నారు, తొలి కత్తి ఎవరు పెట్టారని అడిగేవాళ్లు లేరు. పోయిన కార్తీకంలో మా అమ్మాయి అందరి ముందూ నా జడలో చేమంతి తురిమింది, నేను భయపడి చుట్టూ చూస్తే ఒక్కరూ మా వైపు తలతిప్పలేదు. పొద్దుగూకే దాకా ఆ పువ్వు తలలోనే ఉంది. సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది. ఏం అనుకుంటారో, ఎలా చూస్తారో అని మేం బతుకంతా మోసినవి ఇంత తేలిగ్గా పోయేవేనని ఎవరైనా అప్పుడే చెప్పి ఉంటే, బాపట్ల పెళ్లికి నేను ఆ నాలుగు వేళ్ల వెలితి గంపతోనే వెళ్లి ఉండేదాన్ని.