గాయు మెడికల్ ఫారం

నిన్న పొద్దున్న నందిని మైన్స్‌లో డ్యూటీ మీద ఉన్నాను. బాబాయి ఫోన్. ఆ టైమ్‌లో ఎప్పుడూ చెయ్యడు.

"గాయు పోయిందిరా" అన్నాడు.

ఏ గాయు అని అడిగాను. నిజంగానే అడిగాను. మా ఇంట్లో ఉన్నది ఒక్క గాయు.

ఈ గ్రూపులో తెలీనివాళ్ళ కోసం చెప్తన్నాను. గాయత్రి మా పిన్ని కూతురు. పదహారేళ్ళు. ఇంకో పద్దెనిమిది రోజుల్లో డెన్మార్క్ ఫ్లైట్. ఎక్స్‌చేంజ్ స్టూడెంట్‌గా ఏడాది పాటు అక్కడ ఒక ఫ్యామిలీతో ఉండి, అక్కడి స్కూల్లో చదవాలి. సెలెక్ట్ అయిన రోజు మన తెలుగువాళ్ళందరూ కోహ్కాలో పిన్నివాళ్ళింటికి వచ్చి లడ్డూలు తిన్నారు.

నిన్న కోచింగ్‌కి సైకిల్ మీద వెళ్తూ రోడ్డు మీద పడిపోయింది. ఏ బండీ గుద్దలేదు.

ఆటోలో హాస్పిటల్‌కి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. గుండెలో పుట్టినప్పట్నించీ ఏదో ప్రాబ్లం ఉండి ఉంటుందన్నారు.

అప్పట్నించీ నా ఫోన్ నిండా మీరు పంపే దండం పెట్టే చేతులు, ఏడుపు మొహాలు. చూస్తుంటే ఒళ్ళు మండుతంది. మీ మీద కాదు. కొంచెం మీ మీద కూడా.

సరే, గాయు గురించి చెప్తాను.

డెన్మార్క్‌లో మధ్యాహ్నం చల్లటి బ్రెడ్డే తింటామని గాయు ఉండబోయే ఇంటావిడ మెయిల్ రాసింది. ఆ రోజు నించీ గాయు ఫ్రిజ్‌లో పెట్టిన బ్రెడ్డు టిఫిన్‌గా తినడం మొదలెట్టింది.

"ఏటే నీ బాధ? వేడి ఇడ్లీలు ముందు పెట్టుకొని ఆ చల్లటిది నమలడం ఏటి?" అని పిన్ని గోల.

"అక్కడికెళ్ళి నేను మొహం చిట్లిస్తే వాళ్ళు ఫీలవుతారు కదమ్మా" అనీది.

పిన్ని లేచి లోపలికెళ్తే మాత్రం గబగబా రెండు ఇడ్లీలు లాగించీది. "భయ్యా, చెప్పకు" అని నాకు సైగ. మిగతా అందరూ దానికి అన్నయ్యలే, నేనొక్కణ్ణే భయ్యా.

అక్కడ స్కూల్‌కి సైకిల్ మీదే వెళ్ళాలంట. అందుకని రోజూ సాయంత్రం టౌన్‌షిప్ సెక్టర్ రోడ్ల మీద ప్రాక్టీస్. ఆయాసం వచ్చీది.

రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది కూడా. ఒకసారి స్కూల్ ప్రేయర్‌లో, ఒకసారి సైకిల్ దిగగానే. ఎండ అన్నాం. సరిగ్గా తినదు అన్నాం. గ్లూకోజ్ నీళ్ళు పట్టించాం.

పిన్ని ఒక్కర్తే అంది, "ఒకసారి పెద్ద హాస్పిటల్లో చూపిద్దాంరా" అని.

అప్పుడే ఆ ప్రోగ్రాం వాళ్ళ మెడికల్ ఫారం వచ్చింది. అయిదు పేజీలు. డాక్టరు పరీక్ష చేసి, ఈసీజీ తీసి నింపాలి.

నింపింది నేను.

స్టీల్ ప్లాంట్‌లో పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో మెడికల్ టెస్ట్ అంటే ఏటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోద్దని అన్‌ఫిట్ అన్న మాటకి వణికిపోతాం. మా నాన్న మెడికల్‌కి వెళ్ళే ముందు కళ్ళ చార్టు మీద అక్షరాలు బట్టీ కొట్టీవాడు. నేనే అప్పజెప్పించుకునీవాణ్ణి. ఫారం అంటే అన్నింటికీ నో పెట్టాలని నాకు చిన్నప్పుడే వచ్చీసింది.

గాయు పక్కనే కూర్చుంది. ఎప్పుడైనా స్పృహ తప్పిందా అన్న ప్రశ్న దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"భయ్యా, ఇది యెస్ కదా?"

"నోర్మూసుకో. యెస్ పెడితే సీటు పోద్ది" అన్నాను.

నో పెట్టాను. ఆయాసం, నో. గుండె దడ, నో. దాని ఒంట్లో ఎలా ఉందని అంత వివరంగా అడిగింది ఆ ముక్కూ మొహం తెలీనివాళ్ళే. మేమెవరమూ అడగలేదు.

తర్వాత సర్టిఫికెట్లు రాసిచ్చే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎవడని అడక్కండి. మీలో సగం మంది వెళ్ళే ఉంటారు. మెడలో స్టెతస్కోప్ ముట్టుకోలేదు. "కహా జా రహీ హో బేటా?" అని ఎక్కడికెళ్తందో మాత్రం అడిగాడు. ఈసీజీ నార్మల్ అని రాశాడు. ఆ గదిలో మెషీనే లేదు. ఫిట్ అని స్టాంప్ కొట్టీశాడు.

ఆ కాగితం తెచ్చి పిన్ని చేతిలో పెట్టాను. "చూశావా, ఫిట్" అన్నాను. పిన్ని కళ్ళకద్దుకుంది. మళ్ళీ హాస్పిటల్ మాట ఎత్తలేదు.

నిన్న హాస్పిటల్లో డాక్టరమ్మ అడిగింది, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలాగ పడిపోయిందా అని. రెండుసార్లు అంది పిన్ని. మరి ఎక్కడా చూపించలేదా అని ఆవిడ.

"మెడికల్ అయింది మేడమ్. ఫిట్ అని రాశారు" అంది పిన్ని.

నేను అక్కడే గోడకి ఆనుకొని ఉన్నాను.

సాయంత్రానికి దహనం అయిపోయింది. ఇంటికొచ్చాక మనవాళ్ళు మొదలెట్టారు. కన్నతల్లికి తెలీదా అన్నారు. ఫారిన్ పిచ్చిలో పిల్లని పట్టించుకోలేదన్నారు. పిన్నికి వినపడేలాగే అన్నారు. ఆ అన్నవాళ్ళు ఇది చదువుతారని తెలుసు, చదవండి.

ఇవాళ పొద్దున్న పిన్ని నా చెయ్యి పట్టుకొని "నేనే చూసుకోలేకపోయానురా" అని ఏడ్చింది. నేను అప్పుడు కూడా చెప్పలేదు. పిరికివెధవని.

పిన్ని ఇది చదవదు, ఫోన్ ముట్టుకునే స్థితిలో లేదు. ఇది పోస్ట్ చేసి మళ్ళీ కోహ్కా వెళ్తన్నాను. ఎదురుగా కూర్చొని నేనే చెప్తాను. ముందు ఇక్కడ ఎందుకు రాశానంటే, గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ నోరు మూసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. మీ అందరికీ తెలిసిపోయాక ఇంక చెప్పక తప్పదు.

ఆవిణ్ణి మాత్రం ఇంకొక్క మాట అనకండి.

గాయూ, వెళ్ళిరా తల్లీ. నీకు శాంతి దొరకాలి. నాకు అక్కర్లేదు.