సెలవులన్నీ గ్రౌండుకే

మా నాన్న కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు. ఊళ్ళో అందరూ పీడీ గారు అనేవారు. కోస్తాలో మాదొక చిన్న పట్నం. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ టీమంటే ఒకప్పుడు యూనివర్సిటీ మొత్తానికి హడలు. ఇంటర్ కాలేజీ షీల్డు ఏటా మా ప్రిన్సిపాల్ గదిలోనే ఉండేది. దాన్ని కళ్ళారా చూడాలంటే మిగతా కాలేజీల వాళ్ళు రైలెక్కి మా ఊరు రావాల్సిందేనని మావాళ్ళు కోతలు కోసేవారు. నేను ఆ గ్రౌండు పక్క క్వార్టర్సులోనే పెరిగాను. హాఫ్ టైంలో నిమ్మకాయ బద్దలు పంచే పని నాది.

పెద్దయ్యాక నర్సునై బహ్రెయిన్ వచ్చాను. సల్మానియాలో ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం. శుక్రవారాలు మనామాలో ఒక చర్చి హాల్లో తెలుగువాళ్ళ ఆరాధన జరిగేది. మలయాళీల ఆరాధన అయ్యాక హాలు మాకు ఇచ్చేవారు. అక్కడికి వెళ్ళిన మొదటి వారమే ఒక పొడుగాటి మనిషి నా ఊరూ ఇంటిపేరూ అడిగి, చెప్పగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నువ్వు పీడీ గారి అమ్మాయివా?"

అవునన్నాను. ఆ క్షణాన నేనొక అంగుళం పెరిగాననిపించింది.

ఆయన మా కాలేజీకి ఒకప్పటి సెంటర్ ఫార్వర్డ్. ఇప్పుడు అస్కర్‌లో అల్యూమినియం ఫ్యాక్టరీలో క్రేను నడుపుతున్నాడు. ఆ రోజు నుంచి నాకు అన్నయ్య అయిపోయాడు. మా కాలేజీ వాళ్ళే అక్కడ ఇంకో అరడజను మంది ఉన్నారు. ఆరాధన అయ్యి టీ చేతికి రాగానే వాళ్ళంతా ఒక మూల చేరేవారు. ఎప్పుడో ఆడిన ఆటల్లో ఎవరు ఎవరికి పాసిచ్చారో మళ్ళీ మొదటినుంచీ చెప్పుకునేవారు. ఆ కబుర్లలో మా నాన్న పేరు రాని వారం లేదు. నేను పక్క గుంపులో ఆడవాళ్ళతో మాట్లాడుతున్నా ఒక చెవి అటే ఉండేది.

నాన్న రిటైరైన కొన్నేళ్ళకి, ఆ ఏడే మా కాలేజీలో డిగ్రీ పాసైన కుర్రాడొకడు కొత్తగా బహ్రెయిన్ వచ్చాడు. కబురు వాడే మోసుకొచ్చాడు. టీము మొదటి రౌండులోనే పోయిందట. అదీ నిన్నగాక మొన్న పెట్టిన ఒక కాలేజీ చేతిలో, అయిదు గోల్స్‌తో.

అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"అయిదా?"

"అవునన్నా. మనవాళ్ళు ఒక్కటీ కొట్టలేదు."

ఇక అక్కణ్ణుంచి మొదలైంది వాదన. ఆ శుక్రవారం మొదలైంది చాలా శుక్రవారాలు సాగింది. అన్నయ్యకి ఎదురు నిలబడింది మా అకౌంటెంటు. అతనూ మా కాలేజీయే. ఎప్పుడూ బంతి తన్నినవాడు కాదు గానీ, ప్రతి ఆటకీ గట్టు మీద కూచుని గొంతు పోయేదాకా అరిచిన రకం. మనామాలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూస్తాడు.

"అయిపోయిందన్నా మన టీము. ఒప్పేసుకుందాం," అనేవాడు. "గ్రౌండులో సగం కొత్త హాస్టలు మింగేసింది. మిగిలిన సగంలో క్రికెట్టు. కాళ్ళల్లో చురుకున్న కుర్రాళ్ళందరినీ అమ్మానాన్నలు ఎంట్రెన్సు కోచింగుకి పంపిస్తున్నారు. ఇంక ఆడేదెవరు?"

"ఎవరో ఒకరు ఆడతారు. మన ఊరి నీళ్ళలోనే ఉందిరా ఆట."

"ఆ నీళ్ళే తాగి అయిదు గోల్సు తిన్నారుగా!"

మిగతావాళ్ళు చెరో పక్క చేరేవారు. ఎంత అరుచుకున్నా చివరికి ఒక్క మాట దగ్గర మాత్రం అందరూ కలిసేవారు. పీడీ గారు ఉన్నంతకాలం ఉంది, ఆయన దిగిపోగానే పోయింది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు నిండిపోయేది. అది మా నాన్నకి దక్కిన పెద్ద మర్యాద అనుకునేదాన్ని.

పెళ్ళయ్యి నాకు బాబు పుట్టినప్పుడు అమ్మానాన్నా విజిట్ వీసా మీద వచ్చారు. అప్పుడు మేము బుదైయాలో తోటల పక్కన ఉండేవాళ్ళం. సౌదీకి సముద్రం మీద వంతెన వేస్తున్న రోజులవి. నాన్న సాయంత్రాలు అలా నడుచుకుంటూ వెళ్ళి, అక్కడి పిల్లలు ఉత్త కాళ్ళతో ఇసకలో ఫుట్‌బాల్ ఆడుతుంటే చూస్తూ నిలబడేవారు. వారం తిరక్కుండానే ఈల సంపాదించి రెఫరీ అయిపోయారు. ఆయనకి వచ్చిన అరబ్బీ రెండే ముక్కలు. ఆట మొదలైతే యల్లా, అయిపోతే ఖలాస్. ఆ రెండింటితోనే పిల్లల్ని గడగడలాడించారు.

శుక్రవారం ఆయన్ని హాలుకి తీసుకెళ్ళాను. మావాళ్ళంతా లైనులో నిలబడ్డట్టు నిలబడ్డారు. నడిమి వయసు మగవాళ్ళు, కొందరికి బట్టతలలు. నాన్న ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచి, "ఒరేయ్, పొట్టేంట్రా అది?" అంటుంటే వాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. టీ వచ్చింది. అన్నయ్య ఇంక ఆగలేకపోయాడు.

"సార్, మీరే చెప్పండి. మన టీము మళ్ళీ లేస్తుందా, లేవదా?"

అకౌంటెంటు అందుకున్నాడు. "మీరు లేకపోతే అది ఎలా లేస్తుంది సార్? మీతోనే వచ్చింది, మీతోనే పోయింది."

నేను నాన్న మొహంలోకి చూశాను. సంతోషిస్తారనుకున్నాను. ఆయన మొహం ఎర్రబడింది.

"నేను దిగ్గానే పడిపోయిందంటే, నేను చేసిన పనికి అంతకన్నా తక్కువ మాట లేదురా. పొగుడుతున్నామనుకుంటున్నారా?"

నాన్న అంతటితో ఆగలేదు.

"నేను చేరిన మొదటి ఏడు మనకి తొమ్మిది గోల్సు పడ్డాయి. మీకెవరికీ గుర్తుండదు, మీరు అప్పటికి రాలేదు. అయిదు చూసి ఏడుస్తున్నారు! అప్పుడు సాయంత్రాలు నాకు సాయం వచ్చింది ఎవరనుకున్నారు? పాస్ ఔటై ఊళ్ళోనే ఉన్న పాత కుర్రాళ్ళు. ఒకడు రైల్వేలో, ఒకడు కిరాణా కొట్లో. వాళ్ళు ఆడించారు, నేను ఈల ఊదాను." గ్లాసులో మిగిలింది తాగేసి అడిగారు. "ఇప్పుడా పాత కుర్రాళ్ళు ఎక్కడున్నారు? ఇదిగో, ఈ హాల్లో ఉన్నారు. టీ తాగుతూ."

అన్నయ్య తల దించుకుని, మెల్లగా, "మార్చిలో నాకు సెలవుంది సార్," అన్నాడు.

"అయితే మార్చిలో గ్రౌండుకి రా. కొత్త పీడీ చిన్నవాడు, క్రికెట్ మనిషి, కానీ మంచివాడు. ముందు ఆయన్ని అడుగు. ఆయన రమ్మంటేనే గ్రౌండులో కాలు పెట్టు."

మేలో నేను వెళ్తానని ఒకరన్నారు. ఆగస్టు నాదని ఇంకొకరు. ఫ్యాక్టరీ వాళ్ళు, ఆసుపత్రి వాళ్ళు, దుకాణాల వాళ్ళు, ఎవరి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఎప్పుడు వదిలితే అప్పుడు. అలా చూస్తే ఏడాదిలో చాలా నెలలకి ఎవరో ఒకరు కుదిరారు. నాది నవంబరు అన్నాను. అందరూ నవ్వారు, నాన్న తప్ప.

"నవంబరు టోర్నమెంట్ నెల. దెబ్బలు తగిలేదీ అప్పుడే. రా," అన్నారు.

అన్నయ్య మార్చిలో వెళ్ళాడు. రెండేళ్ళకోసారి ఇంటికొచ్చే మనిషి పొద్దున్నే బూట్లు తగిలించుకుని బయల్దేరితే ఏ భార్య ఊరుకుంటుంది? మొదటి వారం వదిన మాట్లాడలేదట. రెండో వారం పిల్లల్ని వెంటబెట్టుకుని తనే వచ్చి గట్టు మీద కూర్చుందట. తిరిగి వచ్చాక అన్నయ్య ఈ సంగతి చెబుతుంటే, ఆయన ఎప్పుడో కొట్టిన గోల్స్ గురించి చెప్పినప్పుడు కూడా అంత మెరుపు ఆ మొహంలో చూడలేదు నేను.

నవంబరులో బాబుని అమ్మకి అప్పజెప్పి నేనూ గ్రౌండులో దిగాను. కుర్రాళ్ళు మడమ బెణికితే పాత లుంగీ గుడ్డ బిగించి ఆడేస్తున్నారు. కట్టు ఎలా కట్టాలో, ఎంత ఆగాలో, ఎండలో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు ఎలా తాగాలో నేర్పాను. సెమీ ఫైనల్ ముందురోజు కెప్టెన్ కాలు వాచింది. రేపు ఆడితే ఈ ఏడాదికి అంతేనని చెప్పాను. ఊరంతా నా మీదకొచ్చింది. కెప్టెన్ తండ్రి అయితే, "ఆడదానికేం తెలుసమ్మా ఆట సంగతి?" అనేశాడు.

నాన్న అందరి ముందూ లేచారు. "సిస్టర్ వద్దంది. ఖలాస్!"

ఎవరికీ ఆ మాట అర్థం కాలేదు గానీ ఆ గొంతు అర్థమైంది. కెప్టెన్ గట్టు మీద కూర్చున్నాడు. మావాళ్ళు ఒక్క గోలు కొట్టి, దాన్ని కాపాడుకోవడానికి ప్రాణాలు పెట్టారు. గెలిచారు. వారం గడిచి వాపు తగ్గాక ఫైనల్లో కెప్టెన్ దిగాడు, మా తరఫు గోలు అతనే కొట్టాడు. అవతలివాళ్ళు రెండు కొట్టారు. ఓడిపోయాం. అయినా జనం ఇళ్ళకి పోలేదు. మైదానమంతా నిండి, ఆడిన కుర్రాళ్ళని భుజాల మీదకెత్తుకుని తిప్పారు. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి నిలబడి చూశారు. ఇంట్లో కూడా ఎప్పుడూ అలా చెయ్యి వేసిన మనిషి కాదు.

నేను తిరిగొచ్చిన శుక్రవారం, సెలవు నుంచి వచ్చినవాళ్ళు సాక్ష్యం చెప్పాలన్నారు కూటం పెద్ద. ముందుకు వెళ్ళి, ప్రయాణం క్షేమంగా జరిగిందని దేవుడికి స్తోత్రం చెప్పి, ఫైనల్ మొత్తం చెప్పేశాను, కార్నర్లతో సహా. వెనక వరసలో మావాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దాయన గొంతు సవరించుకున్నారు. ఆపమంటారేమో అనుకున్నాను. "అయితే సిస్టర్, ఆ రెండో గోలు మన గోలీ తప్పేనంటావా?" అని అడిగారు.

టీల దగ్గర వాదన మళ్ళీ రాజుకుంది. లేచిందని అన్నయ్య, షీల్డు రాందే లేచినట్టు కాదని అకౌంటెంటు. అందరూ వెళ్ళిపోతుంటే అతను నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నాకు ఆడించడం రాదు. నా సెలవుకి వెళ్ళి నేనేం చెయ్యను?"

"పరీక్షల ముందు నెల వెళ్ళు. సాయంత్రం ఆట అయ్యాక వాళ్ళకి లెక్కలు చెప్పు," అన్నాను. "ఫెయిలవుతారనే కదా అమ్మానాన్నలు ఆట మాన్పిస్తోంది."

వెళ్ళాడు. హాస్టలు వరండాలో బల్బు కింద నెల రోజులు చెప్పాడు. ఆ ఏడు టీములో ఒక్కడు కూడా తప్పలేదు. ఎవరింట్లోనూ ఆట మానమనలేదు. తర్వాతి నవంబరులో షీల్డు మా ఊరొచ్చింది. ఆ పై ఏడు మళ్ళీ చెయ్యి జారిపోయింది. ఇప్పటికీ ఎవరైనా ఆ టీము నిజంగా లేచిందా అని అడిగితే, లేచిందనే చెబుతాను. నాన్న దిగిపోయాక లేచిందని, ఇంకా గర్వంగా చెబుతాను.