షట్టరు సగం దించిన మధ్యాహ్నాలు

2022 వర్షాకాలం. కొత్తపేట బస్టాండు వెనక సందులో నా లేడీస్ టైలరింగ్ షాపు అప్పటికే చాలా ఏళ్లుగా నడుస్తోంది. ఒకటే గది. రెండు మిషన్లు, కటింగ్ బల్ల, గోడ పొడుగునా హ్యాంగర్లకు వేలాడే జాకెట్లు, బయట వసారాలో ఒక బెంచీ. కొలతలు తీసుకోవడానికి ఓ మూల తీగకి వేసిన పాత చీర తెర. ఫ్యాను తిరిగితే ఆ తెర ఎగిరిపోయేది. ఎవరూ పట్టించుకునేవాళ్లం కాదు. నేను టేపు పెట్టి కొలత పైకే చదివేదాన్ని. బెంచీ మీద కూర్చున్నవాళ్లు విని "ఏవమ్మా, ఒళ్లు చేసేవు" అనేవారు. అందరం నవ్వుకునేవాళ్లం.

మా పనిలో మనుషుల సంగతులు మాటల కంటే ముందు కొలతల్లోనే తెలిసిపోతాయి. నడుం దగ్గర కుట్లు విప్పి కొంచెం వదులు చెయ్యమన్నారంటే ఆ ఇంట్లో శుభవార్త. ఉన్నట్టుండి జాకెట్టు బిగించమన్నారంటే ఏదో దిగులో, షుగరో. తెలిసిన సంగతి బెంచీ మీదకి చేరడానికి ఎంతోసేపు పట్టేది కాదు. అందులో చెడ్డ ఉద్దేశం ఉండేది కాదు. ఒకరి సంగతి ఒకరికి తెలియడమే మా వైపు ఆప్యాయత.

కరుణ టీచరు గారు నా పాత కస్టమరు. దగ్గర ఊళ్లో హైస్కూల్లో లెక్కలు చెబుతారు. వాళ్ల చర్చిలో పాట ఎత్తుకునేది కూడా ఆవిడే. ఎండైనా వానైనా గంజి పెట్టిన కాటన్ చీర తప్ప వేరేది కట్టగా నేను చూడలేదు. ఆ ఏడాది కొన్ని నెలలు ఆవిడ కనిపించలేదు. విశాఖలో అక్కగారింటికి వెళ్లారని విన్నాను. ఒక మధ్యాహ్నం, వాన పట్టి బెంచీ ఖాళీగా ఉన్నప్పుడు, గొడుగు ముడుచుకుంటూ లోపలికి వచ్చారు.

"రండి టీచరు గారూ, ఎన్నాళ్లయ్యిందండీ చూసి! కూర్చోండి."

కూర్చోలేదు. సందు అటూ ఇటూ చూసి అడిగారు. "ఈసారి జాకెట్లు వద్దండీ మణిగారూ. చుడీదారు మీదకి వదులుగా కోటులాంటిది కుడతారా? బడికి వెళ్లాలి."

"మీరు కోటేమిటండీ? ఈ ఉక్కలోనా?"

ఆవిడ కాసేపు గోడకున్న జాకెట్ల వైపే చూశారు. "ఆ షట్టరు కొంచెం దించుతారా?"

సగం దించాను. అప్పుడు చెప్పారు. "ఎడంవైపు తీసేసేరండి. క్యాన్సరు. మొదట్లోనే బయటపడింది కాబట్టి ఇంక మాత్రలు చాలన్నారు. ఇప్పుడు నాకేం భయం లేదు. మా ఆయనకి, మా అక్కకి తప్ప ఎవరికీ తెలీదండి."

చేతిలో టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను. నేను సిగ్గనుకుంటున్నానేమోనని ఆవిడకి అనిపించినట్టుంది.

"సిగ్గు కాదండీ. ఇందులో సిగ్గుపడేదేముంది? నేను క్లాసులోకి వెళ్తే పిల్లలు బోర్డు వైపు చూడాలి, నా వైపు కాదు. ఊళ్లో తెలిసిందంటే ఇంక నేను లెక్కల టీచర్ని కాను, 'పాపం కరుణ'ని. కనిపించిన ప్రతివాళ్లూ చెయ్యి పట్టుకుని ఎలా ఉన్నావమ్మా అంటారు. మంచికే అంటారు. రోజూ అదే మాట వింటూ నేనెలా కోలుకుంటానండీ? చర్చిలో పాట కూడా మానేసేను. గొంతు బాలేదని చెప్పేను."

"చీరే కట్టుకుని వెళ్దురుగానండి" అన్నాను. "ఎవరికీ తేడా తెలియని జాకెట్టు కుడతాను. నేనిలాంటిది ఎప్పుడూ కుట్టలేదు. కొంచెం టైమివ్వండి, ఇద్దరం కలిసి చూద్దాం."

"ఎవరికీ..."

"ఆయ్. చెప్పనండి."

ఆవిడ సెలవు ఇంకొంచెం పొడిగించుకున్నారు. మధ్యాహ్నం పూట సందులో జనం పలచబడ్డాక వచ్చేవారు. నేను షట్టరు సగం దించేదాన్ని. కొలతలు పైకి చదవడం మానేసి మనసులోనే అనుకునేదాన్ని.

పని అనుకున్నంత తేలిక కాలేదు. తీసేసిన రొమ్ము చోట పెట్టుకోమని ఆస్పత్రివాళ్లు చెప్పిన సిలికాన్ ప్యాడ్ ఆవిడ విశాఖలోనే పెట్టి చూశారట. మన చెమటకి అది ఒంటికి అతుక్కుపోయి కుట్ల దగ్గర మంట పుట్టిందట. నేను దూదితో, స్పాంజితో ఒక ప్యాడ్ చేశాను. జాకెట్టు లోపలి గుడ్డని లైనింగ్ అంటాం. ఆ లైనింగ్‌లో ఎడమవైపు ఒక పాకెట్ కుట్టి, ప్యాడ్ అందులో దూర్చాను. అద్దంలో బాగానే ఉంది. ఇంటి దగ్గర ఒక పూట వేసుకుని చూసి వచ్చి, "పని చేసుకుంటుంటే అటువైపు పైకి లేచిపోతోందండి" అన్నారు. నిజమే. దూదికి బరువేదీ? రెండు భుజాల మీద లాగుడు సమానంగా లేకపోతే ఎంత బాగా కుట్టిన జాకెట్టైనా ఓ పక్కకి జరిగిపోతుంది.

ఉపాయం అనుకోకుండా దొరికింది. పసిపిల్లల తల గుండ్రంగా రావాలని మా వైపు ఆవాల దిండు వేస్తారు. ఎవరో మనవడికి కుట్టమని పలచటి, మెత్తని మల్లు గుడ్డ ఇచ్చి వెళ్లారు. ఆవాలు నింపి చేత్తో పట్టుకుంటే మెత్తగా ఉంది, బరువుగా ఉంది, ఎటు వంచితే అటు ఒదిగింది. వెంటనే చిన్న సంచీలో ఆవాలు పోసి, చుట్టూ దూది పరిచి, రెండు పొరల మల్లు గుడ్డలో కుట్టాను. ఉతికేటప్పుడు తీసేసేలా పాకెట్ మూతి చంకవైపు పెట్టాను. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి సాయంత్రానికి కాస్త వాస్తుందని ఆవిడ చెప్పారు. అందుకని జాకెట్టుకి ఆ వైపు చంక లోతుగా తీసి, చెయ్యి వదులుగా ఉంచాను.

ఈలోగా ఒక మధ్యాహ్నం సత్యవతి పిన్నిగారు మా షాపు ముందు నుంచి వెళ్లారు. పక్కింటావిడ. నాకు చుట్టమేం కాదు, పిలుపే. బెంచీ మీద ఆవిడ లేని సాయంత్రం ఉండదు. పనసతొనలు వలిస్తే సందంతా పంచిపెట్టే మనిషి, ఎవరికి జ్వరమొచ్చినా ముందు వాళ్ల గుమ్మంలో ఉండే మనిషి. సగం దించిన షట్టరూ, బయట విడిచిన టీచరు గారి చెప్పులూ ఆవిడ కంట పడ్డాయి. సాయంత్రం వచ్చి అడిగారు.

"టీచరమ్మ వచ్చింది కదే? షట్టరు దించుకుని ఏం చేస్తున్నారే మీరు?"

"జాకెట్టు కుడుతున్నానండీ."

"జాకెట్టుకి షట్టరెందుకే? నాకు చెప్పకూడనిదేవిటీ?"

"మీ గురించి ఎవరైనా వచ్చి అడిగినా నేనిలాగే అంటానండీ పిన్నిగారూ."

"నా గురించి అడగడానికేవుందే!" అని విసురుగా లేచి వెళ్లిపోయారు. మనవరాలి ఓణీల ఫంక్షనుకి నాకిచ్చిన జాకెట్టు గుడ్డలు మర్నాడు వెనక్కి తీసుకుని వేరే షాపులో ఇచ్చారు. నాకు బాధేసింది.

అంతటితో ఆగలేదు. టీచరుకి ఏదో అంటురోగమనీ, అందుకే విశాఖలో ఉంచేరనీ సందులో మొదలైన మాట బడిదాకా పాకింది. కరోనా భయం ఇంకా పూర్తిగా పోని రోజులవి. జాకెట్ల కోసం వచ్చిన ఒక తల్లి, "మా పాపని వేరే సెక్షన్‌లోకి మార్పించమంటారా?" అని నన్నే అడిగింది.

నోటిదాకా వచ్చింది. ఉన్న సంగతి ఒక్క ముక్క చెబితే ఆ పుకారు అక్కడే చచ్చిపోతుంది. జనం నొచ్చుకుంటారు, పళ్లు పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్తారు. కానీ ఆ పళ్ల నుంచే కదా ఆవిడ తప్పించుకుంటున్నది! ఆ సంగతి నాకు తెలుసు గానీ, నాది కాదు. "టేపు పెట్టి ఆవిడ కొలతలు తీసేది నేనేనమ్మా. అంటేదైతే ముందు నాకే అంటాలి కదా" అన్నాను. ఆ తల్లి నన్ను ఎగాదిగా చూసి, నవ్వి వెళ్లిపోయింది.

ఊళ్లో అనుకుంటున్న మాట టీచరు గారికి దాచకుండా చెప్పాను. ఆవిడ అన్నారు. "చెప్పేద్దామా అని నాకూ ఉంటుందండి. కానీ ఇప్పుడు చెప్తే సంజాయిషీ ఇచ్చుకున్నట్టుంటుంది. నాకు చెప్పాలనిపించిన రోజున చెప్తాను."

చివరి ట్రయల్ నాటికి వానలు తగ్గాయి. బూడిద రంగు కాటన్ జాకెట్టు వేసుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఆవిడ అద్దం ముందు నిలబడ్డారు. బోర్డు మీద రాస్తున్నట్టు కుడి చెయ్యి పైకెత్తారు. వెనక్కి తిరిగి, పిల్లల్ని లేపుతున్నట్టు ఎడమ చెయ్యి చాపారు. జాకెట్టు కదల్లేదు. "లాగట్లేదండి" అన్నారు, అద్దంలో నన్ను చూస్తూ. ఆ ముఖం చూశాక నాకు ఆకలేసింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆవిడ బడికి వెళ్లారు. రోజూ బోర్డు దగ్గర నిలబడి లెక్కలు చెప్పే మనిషిని చూసి చూసి, అంటురోగం మాట దానంతటదే పోయింది. క్రిస్మస్‌కి నన్ను రమ్మన్నారు. తెల్లచీర కట్టుకుని ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకున్నారు. అందరూ పాట వింటుంటే నేను భుజాల కుట్టు చూస్తూ కూర్చున్నాను. ఎక్కడా ముడత లేదు.

మాఘమాసం పెళ్లిళ్ల హడావుడిలో ఉండగా, ఒక మధ్యాహ్నం సత్యవతి పిన్నిగారు వచ్చారు. నాతో సరిగ్గా మాట్లాడి అప్పటికి చాన్నాళ్లయింది. లోపలికి వస్తూనే షట్టరు ఆవిడే కిందకి లాగారు.

"ఇక్కడ గట్టిగా ఏదో తగుల్తోందే" అన్నారు, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని. "కోడలికి చెప్తే కొడుక్కి చెప్తుంది, వాడు వాళ్ల మావగారికి. సాయంత్రానికి ఊరంతా నా గుమ్మంలో ఉంటుంది. అందరిళ్లకీ అలా వెళ్లేదాన్ని కదే, నాకు తెలుసు."

"నాకెందుకు చెప్పేరండీ?"

"టీచరమ్మ సంగతి ఎంతడిగినా ఒక్క ముక్క చెప్పేవు కాదు. ఒళ్లు మండింది. తీరా నాకు కష్టమొచ్చేసరికి, చెప్పుకుంటే నీకే చెప్పుకోవాలనిపించింది."

వెంటనే డాక్టరుకి చూపించుకోమన్నాను. ఎవరితో వెళ్లాలో, అక్కడ ఏం చేస్తారోనని ఆవిడ భయం. నా మనసులో ఒకే పేరు మెదులుతోంది, పైకి అనలేను. ఆ ఆదివారం టీచరు గారింటికి వెళ్లాను.

"ఒకావిడ చాలా భయపడుతున్నారండి. మీకొచ్చినదే కావచ్చు, కాకపోవచ్చు. మీలాంటివారు మాట్లాడితే ధైర్యం వస్తుంది. పేరు మాత్రం చెప్పలేనండి."

ఆవిడ ఆలోచించలేదు. "పేరు నాకొద్దండీ. నా పేరు ఆవిడకి చెప్పండి. నేను చెప్పమన్నానని చెప్పండి."

చెప్పాను. సత్యవతి పిన్నిగారు నోటి మీద చెయ్యేసుకున్నారు. "ఇదా ఆవిడ జబ్బు? అంటురోగమని అన్నది నేనేనే. నాతో మాట్లాడుతుందంటావా?"

మర్నాడు బడి వదిలాక ఇద్దరూ వేరువేరుగా షాపుకి వచ్చారు. ఎవరో ఏమిటో తెలియకుండా వచ్చిన టీచరు గారు, పిన్నిగారిని చూసి, "మీరా అండీ, రండి" అని స్టూలు ముందుకు లాగారు. నేను బయటకు వచ్చి, షట్టరు దించి, బెంచీ మీద కూర్చున్నాను. చీరకి ఫాల్ వేయించుకోవడానికి వచ్చినావిడని తర్వాత రమ్మని పంపేశాను.

ఆ వారంలోనే ఇద్దరూ కలిసి ఆస్పత్రికి వెళ్లారు. డాక్టరు ఏం చెప్పారో ఇక్కడ రాయను, అది పిన్నిగారి సొంత సంగతి. ఆవిడ ఇప్పటికీ సాయంత్రాలు మా బెంచీ మీదే ఉంటారు, గొంతు సందు చివరిదాకా వినిపిస్తుంది. అంతవరకు చెప్పడానికి ఒప్పుకున్నారు. టీచరు గారు ఆ ఏడే ఒక రోజు, చర్చి స్త్రీల కూటంలో నిలబడి తన సంగతి తనే చెప్పారు. లెక్క చెప్పినట్టే చెప్పారట, ఎలా గుర్తుపట్టాలో, ఎప్పుడు వెళ్లాలో. ఆ తర్వాత మా షాపుకి ఆవాల ప్యాడ్ కోసం ఇంకొందరు వచ్చారు. ఎక్కడెక్కడి నుంచో నేను చెప్పను. పేర్లు మార్చి, ఇద్దరినీ అడిగే ఈ మాత్రం రాస్తున్నాను.

ఇప్పుడు మా షాపులో ప్లైవుడ్ తలుపుతో చిన్న గది ఉంది, లోపల గడియ ఉంది. తలుపు పెడితే బెంచీ కబుర్లు తగ్గిపోతాయేమో అనుకున్నాను. తగ్గలేదు సరికదా, ఇదివరకు ఇలా వచ్చి అలా వెళ్లిపోయేవాళ్లు కూడా ఇప్పుడు కూర్చుంటున్నారు. ఒకరి సంగతి అందరికీ తెలిసి ఉండటమే ఊరి ఆప్యాయత అనుకున్నదాన్ని నేను. తన సంగతి తన దగ్గర భద్రంగా ఉంటుందన్న ధీమా ఉన్నప్పుడే మనిషి ఇంకొకరి దగ్గరికి వస్తుందని ఆ ఇద్దరి వల్ల తెలుసుకున్నాను.

ఆ రోజు షట్టరు వెనక వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ముందు చిన్నగా ఏడుపు వినిపించింది, కాసేపటికి ఇద్దరి నవ్వూ వినిపించింది. వినకూడదని లేచి సందు చివరిదాకా నడిచాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ బయటకు వచ్చి, పక్కపక్కన నిలబడి చెప్పులు వేసుకుంటున్నారు. నేను ఏమీ అడగలేదు.